కోచ్ లేని ఊళ్లో రోయింగ్ మెషిన్: మీ స్ట్రోక్‌ని మీరే చూసి సరిచేసుకోవడం

శ్రీకాకుళం జిమ్‌లలోకి రోయింగ్ మెషిన్లు, అంటే కూర్చుని పడవ తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే మెషిన్లు వచ్చాయి గానీ, పక్కన నిలబడి "అలా కాదు, ఇలా" అని చెప్పే మనిషి మాత్రం రాలేదు. బరువులెత్తడం నేర్పేవాళ్లకు మన జిల్లాలో కొదవ లేదు. రోయింగ్ నేర్పే కోచ్ కోసం వెతికితే నాకు ఇక్కడ ఒక్కరూ కనపడలేదు. అందుకే ఈ వ్యాసం.

నేను ఆమదాలవలస వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. సాయంత్రం ఏడు రోడ్ల కూడలి దగ్గర జిమ్‌కి వెళ్తాను. అక్కడ ఆ మెషిన్ ఎక్కిన కుర్రాళ్లు అడిగేది ఒకటే: "ఏటి మాస్టారూ, ఎంత లాగినా నంబరు దిగట్లేదు?" (నంబరంటే స్ప్లిట్, 500 మీటర్లకి పట్టే సమయం.) నేను చెప్పేదీ ఒకటే: "లాగడం సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు ఫోన్ తియ్యి."

ఒకసారి లాగి మళ్లీ ముందుకు రావడమే ఒక స్ట్రోక్. అందులో తప్పు ఒకచోట కనిపిస్తుంది, పుట్టేది మాత్రం దానికి ముందు. నడుము దగ్గర కనిపించే తప్పు చేతుల దగ్గర మొదలై ఉంటుంది. లాగేటప్పుడు బయటపడే తప్పు, ముందుకు జరిగేటప్పుడే తయారై ఉంటుంది. కనిపించిన చోటే సరిచేయబోతే ఎన్నాళ్లైనా అది పోదు. వీడియోని ముందుకే కాదు, వెనక్కి కూడా నడిపి చూడటం అలవాటు చేసుకుంటే సగం పని అయినట్టే.

నాలుగు మాటలు తెలిసుంటే చాలు. మోకాళ్లు ముడిచి, చేతులు చాచి, మెషిన్ ముందున్న ఫ్యాన్‌కి దగ్గరగా ఉన్న స్థితి క్యాచ్. అక్కణ్నుంచి కాళ్లతో తన్ని వెనక్కి రావడం డ్రైవ్. కాళ్లు చాపి, హ్యాండిల్ పొట్టకు చేరిన స్థితి ఫినిష్. మళ్లీ ముందుకు జారడం రికవరీ. డ్రైవ్‌లో వరస కాళ్లు, నడుము, చేతులు. రికవరీలో సరిగ్గా తిరగేసి చేతులు, నడుము, కాళ్లు.

బరువులెత్తినవాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు. మన ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆ వీడియో దొరికితే క్లీన్ అండ్ జెర్క్ (బార్‌ని ముందు భుజాలకు, తర్వాత తలపైకి ఎత్తడం) దగ్గర నెమ్మదిగా చూడండి. బార్ నేల మీద నుంచి లేచేది కాళ్లతో. తర్వాత నడుము తెరుచుకుంటుంది. అప్పటిదాకా చేతులు తాళ్లలా వేలాడుతూనే ఉంటాయి. రోయింగ్ డ్రైవ్ కూడా అంతే, బార్ బదులు హ్యాండిల్, పైకి బదులు వెనక్కి. అయినా మనవాళ్లు మెషిన్ ఎక్కగానే గిలక బావిలో చేద తోడినట్టు చేతులతో గుంజుతారు. ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉంటే, పనంతా మోచేతుల మీద పడేస్తే నంబరు ఎలా దిగుతుంది?

ఫోన్ ఎక్కడ పెట్టాలి

పక్క నుంచి, సరిగ్గా లంబంగా పెట్టాలి. ఏటవాలుగా తీస్తే కోణాలన్నీ అబద్ధం చెబుతాయి. మెషిన్ మధ్యభాగానికి ఎదురుగా రెండున్నర, మూడు మీటర్ల దూరంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, నీళ్ల బాటిల్‌కి ఆనించి, ఫోన్ అడ్డంగా నిలబెట్టండి. లెన్స్ సీటు ఎత్తుకి కొంచెం పైన ఉంటే చాలు. ఫ్యాన్, పాదాలు, ఫినిష్‌లో మీ తల అన్నీ ఫ్రేములో పడాలి. మనిషిని పట్టుకోమంటే చెయ్యి కదులుతుంది, పైగా మిమ్మల్ని అనుసరిస్తూ ఫోన్ తిప్పేస్తాడు. కుర్చీయే మేలు.

వదులు టీషర్టు వద్దు. వీపు గుండ్రంగా ఉందో నిటారుగా ఉందో బట్ట దాచేస్తుంది. మోకాలి పక్కన, తుంటి ఎముక దగ్గర, భుజం మీద చిన్న రంగు టేపు ముక్కలు అంటిస్తే తర్వాత చూసేటప్పుడు కళ్లకు పని తగ్గుతుంది.

మొదటి నిమిషంలో తీసిన వీడియో పనికిరాదు. కెమెరా ఉందని తెలిసి అందరూ బుద్ధిగా చేస్తారు. పది, పదిహేను నిమిషాలు చేశాక, చెమట పట్టి, ధ్యాస తప్పే వేళకి తీయండి. మీ అసలు స్ట్రోక్ అదే. మన తీరంలో మే నెల ఉక్కలో ఆ వేళ ఇంకా త్వరగా వస్తుంది. అరచేతుల చెమటకి హ్యాండిల్ జారి, దాన్ని బిగించి పట్టుకునేసరికి మోచేతులు వాటంతటవే వంగుతాయి. ఆ నెలల్లో తువ్వాలు పక్కనే ఉంచుకుని, తుడుచుకున్నాకే రికార్డు నొక్కండి. లేకపోతే చెమట చేసిన తప్పుని టెక్నిక్ తప్పనుకుంటారు.

వేగం నిమిషానికి 20 స్ట్రోకులు, అంతకు మించొద్దు. 28లో చేస్తే ఏ భాగం ఎప్పుడు కదిలిందో కంటికి అందదు. ఒక్క నిమిషం తీస్తే చాలు, 20 స్ట్రోకులు వస్తాయి. అందులో మధ్యలోవి ఐదు చూడండి.

ఏం చూడాలి, ఏ వరసలో

మొదట క్యాచ్ దగ్గర ఆపండి. ముంజంగ, అంటే మోకాలి కింది ఎముక, నేలకు నిలువుగా ఉందా? నిలువు దాటి ముందుకు వాలితే ఎక్కువ జరిగారన్నమాట. మడమలు కాస్త లేస్తే ఫర్వాలేదు. పూర్తిగా వేళ్ల మీద నిలబడితే తన్నడానికి పాదాలు ఆన్చే పలక మీద ఆధారం ఉండదు.

ఇప్పుడు ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. ఇక్కడ ఆగి ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే నేను చూసిన వీడియోల్లో ఎక్కువ శక్తి పోయేది ఈ అరసెకనులోనే. సీటు జానెడు వెనక్కి వచ్చేసరికి హ్యాండిల్ కూడా జానెడు వచ్చిందా? సీటు వచ్చేసి హ్యాండిల్ అక్కడే ఉండిపోతే, కాళ్లు తన్నిన బలం హ్యాండిల్‌కి కట్టిన గొలుసు దాకా చేరలేదు. నడుము ముందుకు మడతపడి, పిరుదులు మాత్రం వెనక్కి పారిపోయాయి. తర్వాత ఆ వంగిన వీపుని లేపడానికి నడుమే మొత్తం భారం మోయాలి. "మాస్టారూ, నడుం పట్టేస్తంది" అని వచ్చేవాళ్లలో చాలామంది వీడియోలో నాకు కనిపించేది ఇదే.

చాలామంది ఇక్కడే "సరే, ఈసారి నడుము బిగిస్తాను" అనుకుంటారు. అది ఎంతోసేపు నిలవదు. వీడియోని వెనక్కి నడపండి. క్యాచ్‌కి ముందు రికవరీలో చేతులు మోకాళ్లు దాటకముందే మోకాళ్లు లేచాయా? లేస్తే హ్యాండిల్ మోకాళ్ల మీదుగా గుట్ట ఎక్కి దిగుతుంది. ఆలస్యమైన నడుము చివర్లో హడావిడిగా ముందుకు పడుతుంది. అలా పడుతూ క్యాచ్‌కి చేరిన వీపు గట్టిగా ఎలా నిలబడుతుంది? సీటు పారిపోవడం అక్కడ ఖాయమైపోయింది. ఇంకా వెనక్కి వెళ్తే ఫినిష్‌లో హ్యాండిల్ పొట్ట దగ్గర ఆగిపోయి కనిపిస్తుంది. చేతులు వెంటనే బయటికి పోనందువల్లే మోకాళ్లు వాటికంటే ముందు లేచాయి. అంటే క్యాచ్‌లో కనిపించిన జబ్బుకి మందు ఫినిష్‌లో ఉంది: చేతులు ముందు చాచాలి, ఆ తర్వాత తుంటి దగ్గర ముందుకు వంగాలి, అప్పుడే మోకాళ్లు లేవాలి. నడుము వాలు మొత్తం రికవరీ సగానికే పూర్తయిపోవాలి. ఆ తర్వాత క్యాచ్ వరకు జరిగేది సీటు ఒక్కటే.

వాలు ఎంతో తెలుసుకోవడానికి గడియారం చాలు. ఫ్రేములో ఫ్యాన్ కుడివైపు ఉండేలా వీడియో తీస్తే, క్యాచ్‌లో వెన్ను ఒంటిగంట ముల్లులా, ఫినిష్‌లో పదకొండు ముల్లులా ఉండాలి. పదిన్నర దాకా పడుకుంటే కంటికి బలంగా అనిపిస్తుంది గానీ, అక్కణ్నుంచి లేవడానికే ఓపిక ఖర్చవుతుంది. హ్యాండిల్ పక్కటెముకల చివర తాకాలి. గొంతు దాకా వస్తే భుజాలతో లాగుతున్నట్టు.

మోచేతులు ఎప్పుడు వంగాయో చూడటం తేలిక. హ్యాండిల్ మోకాళ్లు దాటకముందు వంగితే తొందరపడ్డట్టే.

ఇక సమయం. నిమిషానికి 20 అంటే స్ట్రోక్‌కి 3 సెకన్లు. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు కాబట్టి స్ట్రోక్‌కి 90. క్యాచ్ నుంచి ఫినిష్ వరకు దాదాపు 30, ఫినిష్ నుంచి క్యాచ్ వరకు దాదాపు 60 ఉండాలి. రెండూ 45, 45గా వస్తే రెండు లోపాలు కలిసే ఉన్నాయి: డ్రైవ్ మెత్తగా ఉంది, రికవరీ పరుగెత్తుతోంది. ఈ లెక్క మీకు మీరే వేసుకోవాలి, ఒంటికి తెలియదు. నెమ్మదిగా వెళ్తున్నాననే అందరూ అనుకుంటారు.

పారిస్ 2024 ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పడవ పోటీ) మన దేశం తరఫున దిగిన బలరాజ్ పన్వర్ వీడియో ఒకటి పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు. పోల్చాల్సింది ఎత్తునో వేగాన్నో కాదు, ఏది ముందు ఏది వెనక అన్న వరసని.

మీ జిమ్‌లో కాన్సెప్ట్2 కంపెనీ మెషిన్ ఉంటే మానిటర్‌లో ఫోర్స్ కర్వ్ అనే బొమ్మ వస్తుంది. ఒక్కో స్ట్రోక్‌లో బలం ఎలా పెరిగి ఎలా తగ్గిందో గీత గీస్తుంది. ఒకే గుట్టలా, నునుపుగా ఎక్కి నునుపుగా దిగితే మంచిది. మధ్యలో లోయ పడి రెండు గుట్టలు వస్తే కాళ్ల పని అయిపోయాక నడుము అందుకోవడానికి ఖాళీ వచ్చింది. ఎక్కువసార్లు ఇది పైన చెప్పిన సీటు పారిపోవడమే. గుట్ట ఆలస్యంగా, కుడివైపు లేస్తే కాళ్లు నిద్రపోయి వీపూ చేతులూ లాగుతున్నాయి. గీత చూసి నిర్ణయానికి రావద్దు, అదే నిమిషంలో తీసిన వీడియోతో కలిపి చూడండి. అయస్కాంతంతో నడిచే చవక మెషిన్లలో ఈ బొమ్మ ఉండదు. అక్కడ వీడియోనే గతి, దిగులు పడక్కర్లేదు.

ఫ్యాన్ పక్కన 1 నుంచి 10 దాకా ఉండే మీట డ్యాంపర్. 10లో పెట్టి చేయడం మగతనం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి మానండి. అది గాలి ఎంత లోపలికి వస్తుందో చెబుతుందే గానీ మీ బలం చెప్పదు. మీరు గట్టిగా తన్నితే ఏ అంకెలోనైనా మెషిన్ గట్టిగానే ఎదురు నిలుస్తుంది. 3, 5 మధ్య మొదలుపెట్టండి. ఇంకా కచ్చితంగా కావాలంటే మానిటర్‌లో మోర్ ఆప్షన్స్‌కి వెళ్లి డ్రాగ్ ఫ్యాక్టర్ (ఫ్యాన్‌కి గాలి ఎంత అడ్డుపడుతోందో చెప్పే అంకె) చూసి, 110, 130 మధ్య ఉండేలా మీట జరపండి. ఫ్యాన్ జాలీకి దుమ్ము పట్టిన మెషిన్‌లో అదే 5 తక్కువ డ్రాగ్ ఇస్తుంది. అందుకే మీ జిమ్‌లో 5, ఇంకో జిమ్‌లో 5 ఒకటి కావు.

సరిచేసే సాధన

ఒక వారానికి ఒక్క తప్పే ఎంచుకోండి. రెండు ఎంచుకుంటే రెండూ మిగులుతాయి.

రికవరీ వరస కోసం ఆపి చేసే సాధన చాలా బాగా పనిచేస్తుంది. ఫినిష్ నుంచి చేతులు చాచి, ముందుకు వంగి, మోకాళ్లు లేవకముందే రెండు లెక్కపెట్టేంతసేపు ఆగండి. తర్వాతే జరగండి. క్యాచ్ కోసం కాళ్లతో మాత్రమే లాగండి: చేతులు చాచి, నడుము ఒంటిగంట దగ్గరే ఉంచి కాళ్లు మాత్రం చాపడం. చూడటానికి చిన్న పని, హ్యాండిల్ సీటుతో కలిసి కదిలితేనే సరిగ్గా చేసినట్టు. ఫినిష్ కోసం పాదాల పట్టీలు విప్పేసి పదినిమిషాలు చేయండి. పట్టీలు లేనప్పుడు వెనక్కి ఎక్కువ పడితే పాదాలు పలక వదిలేస్తాయి, అదే మీకు హెచ్చరిక. నా దృష్టిలో వీడియో తర్వాత ఇంతకంటే నిజాయితీగా తప్పు చూపించేది లేదు. దీన్ని మెల్లగా మాత్రమే చేయండి.

సాధన చేసేటప్పుడు నడుములోగానీ పక్కటెముకల్లోగానీ పొడిచినట్టు నొప్పి వస్తే ఆపేయండి. మర్నాటికి తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి. అది టెక్నిక్‌తో గెలవాల్సిన నొప్పి కాదు.

మెరుగయ్యామా లేదా అన్నది ఒక్క కొలతతో తెలుస్తుంది: అదే వేగంలో, అంటే నిమిషానికి అన్నే స్ట్రోకులతో, ఎక్కువ వాట్లు (మానిటర్ చూపే మీ బలం) వస్తున్నాయా? 500 మీటర్లకి 2:30 స్ప్లిట్ అంటే దాదాపు 104 వాట్లు. 2:25 అంటే దాదాపు 115. ఐదు సెకన్లే కదా అనిపిస్తుంది గానీ బలంలో పదో వంతు పెరిగింది. ఇంకో లెక్క: 2:30 స్ప్లిట్‌ని నిమిషానికి 20 స్ట్రోకులతో చేస్తే ఒక్కో స్ట్రోక్‌కి 10 మీటర్లు, 25 స్ట్రోకులతో చేస్తే 8 మీటర్లే. స్ప్లిట్ ఒకటే, పనితనం వేరు. వేగం పెంచి స్ప్లిట్ దించుకుంటే టెక్నిక్ బాగుపడినట్టు కాదు.

నోటుబుక్కులో వారానికొక పేజీ చాలు: తేదీ, డ్రాగ్ ఫ్యాక్టర్, 20 వేగంలో వచ్చిన వాట్లు, ఎంచుకున్న తప్పు, దాని మూలం ఎక్కడ దొరికింది. వీడియో ప్రతిసారీ అదే కుర్చీ, అదే చోటు, అదే వేగంతో తీయండి. నేల మీద చిన్న టేపు అంటించి కుర్చీ గుర్తు పెట్టుకోండి, జిమ్ వాళ్లని అడిగితే కాదనరు. పక్క కోణంలో నాలుగైదు వారాలు చూశాక ఒక్కసారి వెనక నుంచి కూడా తీయండి. గొలుసు ఒక పక్కకి లాగుతోందా, ఒక భుజం పైకి లేస్తోందా అన్నది అక్కడే కనిపిస్తుంది. అది కనిపిస్తే ఆ వారం ఎంచుకోవాల్సిన తప్పు అదే.