మీ ఆట లోకానికి ఆకాశం, పాతాళం ఎలా కట్టుకోవాలి?

పూజ మొదట్లో పంతులుగారు సంకల్పం చెప్పిస్తారు కదా. శ్వేతవరాహ కల్పం దగ్గర ఎత్తుకుని వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం, జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఫలానా దిక్కు, ఏ నదుల మధ్య ఉన్నామో ఆ నదులు, సంవత్సరం, మాసం, తిథి, చివరికి గోత్రం, పేరు. రెండు మూడు నిమిషాలు కూడా పట్టదు. 432 కోట్ల ఏళ్ళ కల్పం దగ్గర బయలుదేరి పీట మీద కూర్చున్న మనిషి దాకా వచ్చేస్తాం.

రోల్‌ప్లేయింగ్ ఆటలకు, అంటే ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి కథ నడిపే ఆటలకు, లోకాలు కట్టేవాళ్ళకు ఇంతకన్నా మంచి నమూనా నాకు ఇంకోటి కనబడలేదు. ఆకాశం ఎలా ఉంది, కింద ఏముంది, దేవుళ్ళు ఎక్కడుంటారు, పోయినవాళ్ళు ఎక్కడికి పోతారు, కాలం ఎలా నడుస్తుంది, ఇవన్నీ కలిపి ఒక విశ్వం. అది ఎంత పెద్దదైనా పీట దాకా రావాలి.

నా మొదటి క్యాంపెయిన్‌కి, అంటే విడతలు విడతలుగా (సెషన్లుగా) ఆడే ఒక పెద్ద కథకి, సెలవులన్నీ కూర్చుని తొమ్మిది లోకాలు, ఇరవై నాలుగు మంది దేవుళ్ళు, వాళ్ళ వంశవృక్షాలు రాశాను. మొదటి సెషన్‌లో పది నిమిషాలు గడిచాయో లేదో, ఒక ప్లేయర్ అడిగాడు: "నా క్యారెక్టర్ వాళ్ళ నాన్న చనిపోయాడని రాశాను కదా, ఆయన ఇప్పుడు ఎక్కడున్నట్టు?" నోట్‌బుక్ అంతా తిప్పాను. దానికి జవాబు తప్ప అన్నీ ఉన్నాయి. ఆ రోజు నుంచి పని చేసే పద్ధతే మార్చుకున్నాను. కింద చెప్పేది ఆ పద్ధతే.

ముందుగా, ఒక్క బొమ్మ

దేవుళ్ళ జాబితాతో మొదలుపెట్టకండి. పదేళ్ళ పిల్లవాడు సుద్దముక్కతో నేల మీద గీయగలిగేంత తేలికైన బొమ్మ ఒకటి పట్టుకోండి. 1974లో మొదలైన రోల్‌ప్లేయింగ్ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ బొమ్మ చక్రం: మంచి-చెడు, క్రమం-అరాచకం అనే కొలతల ప్రకారం చుట్టూ 16 లోకాలు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఆ చక్రాన్ని పక్కన పెట్టి, మన లోకాన్ని అంటిపెట్టుకుని ఉండే మాయావనం లాంటిది ఒకటి, నీడల లోకం ఒకటి తెచ్చింది. 2014 ఎడిషన్‌లో చక్రం తిరిగొచ్చింది గానీ ఆ రెండు పక్కలోకాలనూ ఉంచేశారు. ఎందుకో ఆడినవాళ్ళకు అర్థమవుతుంది. అడవిలో దారి తప్పితే చేరిపోయే లోకం ఆటలో తరచూ పనికొస్తుంది. మహామంత్రం ఉంటే తప్ప చేరలేని లోకం చాలా క్యాంపెయిన్లలో పుస్తకంలోనే ఉండిపోతుంది.

బొమ్మను ఎక్కడ వెతకాలి? మీ చేతికి అలవాటైన వస్తువుల్లో. పాత కథల్లోనూ అంతే. ఉత్తర ఐరోపా వాళ్ళకు లోకాలన్నిటినీ మోసేది ఒక మహావృక్షం. మన పురాణాల్లో మేరువు చుట్టూ ఏడు ద్వీపాలు, వాటి మధ్య ఉప్పునీరు, చెరుకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళ సముద్రాలు. వంటింట్లో ఉన్నవే చాలా మటుకు.

నేను తీసుకున్నది దిగుడుబావి. లోకమంతా ఒక మహా బావి. దిగడానికి ఏడు మెట్లు, ఒక్కో మెట్టు మూడు రాజ్యాలు పట్టేంత వెడల్పు. పైన గట్టు, గట్టు మీద గిలక, గిలకకు చేంతాడు, ఆ తాడుకు ఒక చేద. చేద మీద వెలుగుతున్న దీపమే సూర్యుడు. అడుగున నీళ్ళు. ఇంతే, ఇంకేమీ పెట్టలేదు.

ఆ బొమ్మతో ఒక రోజు గడపండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టమంటాను. తొందరపడి దేవుళ్ళ దగ్గరికి దూకేయకండి. ఆ లోకంలో ఒక రైతు పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏం చూస్తాడో, ఏం వింటాడో వరసగా రాసుకోండి. బొమ్మ తనంతట తానే సంగతులు చెప్పడం మొదలుపెడుతుంది.

దిగుడుబావిలో చూడండి. దీపం పై నుంచి దిగుతుంది, నీళ్ళను తాకి మళ్ళీ పైకి వెళ్తుంది. అంటే మధ్య మెట్టు మీద ఉన్నవాడికి దీపం రెండుసార్లు ఎదురుగా వస్తుంది. రోజుకు రెండు మధ్యాహ్నాలు! మధ్యలో దీపం కిందకు పోయినప్పుడు ఎర్రటి మసక వెలుతురు, అదీ కింద నుంచి. పై మెట్టు వాళ్ళకు ఆ రెండు మధ్యాహ్నాల మధ్య చాలా ఎడం, అడుగు మెట్టు వాళ్ళకు రెండూ కలిసిపోయి ఒకే పొడుగాటి ఎండ. తూర్పు, పడమర ఉండవు. "గోడవైపు", "నూతివైపు" అంటారు. నీడలెప్పుడూ గోడవైపే పడతాయి. చేద నీళ్ళతో పైకి వెళ్తుంది కాబట్టి తొణికిన నీళ్ళే వాన, అందుకే వాన ఎప్పుడూ రెండో మధ్యాహ్నం వేళే పడుతుంది. బట్టలు ఆరేసేవాళ్ళు, మిరపకాయలు ఎండబెట్టేవాళ్ళు మొదటి మధ్యాహ్నమే పని ముగించుకోవాలి. తెల్లవారుతోందని కోడి చెప్పక్కర్లేదు, గిలక కిర్రుమంటుంది.

ఇందులో ఒక్క ముక్క కూడా నేను విడిగా కల్పించలేదు, బొమ్మలోంచే వచ్చాయి. ప్లేయర్లకు మీరు చరిత్ర పాఠం చెప్పనక్కర్లేదు. సంతలో ముసలమ్మ "వాన తోసుకొచ్చేలోపు మిరపకాయలు ఎత్తండర్రా, చేద ఎక్కుతోంది" అంటే చాలు, విశ్వం మొత్తం వాళ్ళకు తెలిసిపోతుంది.

మీ బొమ్మ నుంచి ఇలా కనీసం ఐదు సంగతులు రాలకపోతే బొమ్మ మార్చేయండి. మొహమాటం వద్దు.

చావు సంగతి ముందే తేల్చుకోండి

ఇది ఆట. క్యారెక్టర్లు చస్తారు. చచ్చిన రోజు టేబుల్ దగ్గర టెన్షన్‌లో జవాబు వెతుక్కోకూడదు. మూడు ప్రశ్నలు: పోయినవాళ్ళు ఎక్కడికి పోతారు? వాళ్ళను వెనక్కి తేవచ్చా? తెస్తే ఏం చెల్లించాలి?

బావిలో పోయినవాళ్ళను నీటికి దించుతారు. మూడు రోజుల్లో మనిషి జ్ఞాపకాలు నీళ్ళలో కరుగుతాయి. ఆ నీళ్ళను చేద పైకి తోడుతుంది, గట్టు మీద దేవుళ్ళు తాగుతారు. దేవుళ్ళకు అన్నీ తెలియడానికి కారణం అదే, పోయినవాళ్ళ జ్ఞాపకాలన్నీ వాళ్ళ కడుపులో ఉన్నాయి. క్లెరిక్ (పూజారి క్యారెక్టర్) ప్రార్థన చేసి ఏదైనా తెలుసుకున్నాడంటే, ఎవరో చనిపోయిన మనిషికి తెలిసిన సంగతే పై నుంచి తిరిగొచ్చిందన్నమాట. మూడు రోజుల్లోపు మనిషిని వెనక్కి తేవచ్చు, కానీ ఒక జ్ఞాపకం నీళ్ళలో ఉండిపోతుంది. ఏది పోయిందో ప్లేయరే ఎంచుకోవాలి. ఒకమ్మాయి తన క్యారెక్టర్‌కు ఈత వచ్చన్న సంగతి వదులుకుంది, నీటి అంచున ఆడుతున్న కథలో! తర్వాత నాలుగు సెషన్లు ఆ ఒక్క నిర్ణయం మీదే నడిచాయి.

దేవుళ్ళు ఎంతమంది అనేది దీని తర్వాతి మాట. ముగ్గురో నలుగురో చాలు. ఒక్కొక్కరికి ఒక కోరిక, ఒక భయం ఉండాలి. గుడి ఎలా ఉంటుంది, ప్రసాదం ఏం పెడతారు అన్నది రాసుకోండి. వంశవృక్షం అవసరమైన రోజున చూసుకోవచ్చు.

లోకం అంటే ఎవరైనా వెళ్ళొచ్చే చోటు

పద్నాలుగు లోకాల పేర్లు వరసగా చెప్పమంటే మనలో చాలామంది తలాతలం, మహాతలం దగ్గర ఆగిపోతాం. సుతలం మాత్రం గుర్తుంటుంది, అక్కడ బలి చక్రవర్తి ఉన్నాడు కాబట్టి. మీ జాబితాలో కూడా కథ లేని లోకాలను కొట్టేయండి. మూడు మిగిలినా నష్టం లేదు.

మిగిలిన వాటికి దారి పెట్టండి, దారికి ఖర్చు పెట్టండి. సెట్టింగ్ అంటే ఆటకు సిద్ధంగా కట్టి ఇచ్చే లోకం. 1994లో వచ్చిన ప్లేన్‌స్కేప్ అనే సెట్టింగ్‌లో సిగిల్ అనే నగరం ఉంది. అక్కడ ఏ గుమ్మమైనా వేరే లోకానికి దారి కావచ్చు, కాకపోతే దాని తాళంచెవి ఏమిటో తెలియాలి. అది వస్తువే కానక్కర్లేదు, ఒక ఆలోచన కూడా కావచ్చు. ఆ ఒక్క నియమంతో ఎన్ని కథలైనా పుడతాయి. ఖర్చు అంటే డబ్బే కాదు. భాగవతంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట జరుగుతోంది, కాసేపు ఆగుతాడు. ఆగినంతలో కింద 27 మహాయుగాలు గడిచిపోతాయి, ఆయన మనసులో అనుకున్న వరులు, వాళ్ళ మనవలు కూడా మిగలరు. దీన్ని ఆటలో పెట్టి చూడండి. ప్లేయర్లు గుమ్మం దాటే ముందు ఎంత ఆలోచిస్తారో మీకే తెలుస్తుంది.

నా బావిలో దారులు మూడే. మెట్లు దిగడం, చేంతాడు పట్టుకుని ఎక్కడం, నీళ్ళలో మునగడం. తాడు ముట్టుకున్నవాళ్ళకు ప్రతి మెట్టు మీదా శిక్ష ఉంది, ఎందుకంటే తాడు ఊగితే దీపం ఊగుతుంది, దీపం ఊగితే ఎక్కడో ఊళ్ళు కాలతాయి.

కాలాన్ని ఆపకండి

పది యుగాల చరిత్ర రాయడం చాలామంది చేసే పని. అదంతా జరిగిపోయిన కథ, ప్లేయర్లకు అందులో చోటు లేదు. మీ విశ్వంలో ఇప్పుడు, ఆట జరుగుతుండగా కదులుతున్నది ఏదో ఒకటి ఉండాలి. 2004లో వచ్చిన ఎబెరాన్ సెట్టింగ్‌లో లోకాలు దగ్గరికొస్తూ దూరమవుతూ ఉంటాయి, దగ్గరికొచ్చినప్పుడు వాటి ప్రభావం నేల మీద కనబడుతుంది. ఆట నడిపే గేమ్ మాస్టర్ క్యాలెండర్ చూసి "వచ్చే నెల ఇలా ఉంటుంది" అని చెప్పగలడు.

బావిలో కదిలేది నీటిమట్టం. ఆరో మెట్టు మునిగి 312 ఏళ్ళయింది. నలభై ఏళ్ళుగా నీరు తగ్గుతోంది. తగ్గేకొద్దీ పాచి పట్టిన పాత నగరాలు బయటపడుతున్నాయి, సాహసాలకు చోటు దొరికింది. నీళ్ళు తగ్గితే పైన దేవుళ్ళకు దాహం, మతిమరుపు. ప్రార్థనలకు తప్పు జవాబులు వస్తున్నాయి. ప్రతి ఐదు సెషన్లకు నీటిని ఒక బారెడు దించుతాను. ప్లేయర్లు ఏం చేసినా, చేయకపోయినా దిగుతుంది.

నిజం ఒకటి, నమ్మకాలు మూడు

గ్రహణం రోజు మా అమ్మమ్మ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టేది. ఊరగాయ జాడీ మీద, మంచినీళ్ళ బిందె మీద దర్భలు. అదే ఇంట్లో మా మామయ్య పిల్లలను కూర్చోబెట్టి బంతి, దీపం పెట్టి చంద్రుడి నీడ ఎలా పడుతుందో చూపించేవాడు. ఇద్దరూ ఒకే వసారాలో. ఎవరి పని వాళ్ళది. జనం విశ్వంతో కాపురం చేసేది అలాగే. మీ లోకంలో కూడా ప్రతి పెద్ద సంగతికి కనీసం రెండు మూడు వివరణలు, వాటిని నమ్మేవాళ్ళు చేతులతో చేసే పనులు ఉండాలి.

ఐదో మెట్టు జాలర్లు దీపం రోజూ నీళ్ళలో ఆరిపోతుందని, పైకి వెళ్ళేది దాని ఆత్మ అని నమ్ముతారు, అందుకే రెండో మధ్యాహ్నం శుభకార్యాలు చేయరు. పై మెట్టు పూజారులు దేవుళ్ళే తాడు లాగుతారంటారు. ఇంకో గుంపు గుసగుసగా చెప్పేది వేరు: గిలకకు తాడు రెండు వైపులా ఉంటుంది కదా, మన చేద పైకి వస్తున్నప్పుడు అవతల ఇంకో బావిలో ఇంకో చేద దిగుతోంది. మన రాత్రి ఎవరికో పగలు. ఇందులో ఏది నిజమో నేను ఎక్కడా రాసుకోలేదు. ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా మీరూ ఖాళీగా ఉంచండి. ప్లేయర్ల ఊహల్లో మీ ఊహకన్నా బాగున్నది ఒకటి తప్పకుండా వస్తుంది, దాన్నే నిజం చేసుకోవచ్చు.

చివరగా మీ లోకపు సంకల్పం రాయండి

ఇది పరీక్ష. ఆ లోకంలో మనిషి ప్రమాణం చేసేటప్పుడో, పెళ్ళిలోనో చెప్పే నాలుగు వాక్యాలు రాయండి. పై నుంచి మొదలై తన పేరు దాకా రావాలి. గట్టిగా చదవండి. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ మీ బొమ్మ చిక్కుపడిందన్నమాట. నాది ఇది:

"గిలక కింద, గట్టు నీడన, ఏడు మెట్లలో ఐదో మెట్టు మీద, ఆరోది మునిగిన 312వ ఏట, నీరు వెనక్కి తగ్గిన 40వ ఏట, నూతివైపు ఉప్పు సంతలో, మొదటి మధ్యాహ్నం వేళ, ఫలానా పడవవారి ఇంట పుట్టిన నేను, నా వాళ్ళు కరిగిన నీటి మీద ఒట్టేసి చెబుతున్నాను."

కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టిన రోజు ప్లేయర్లు నలుగురితోనూ వాళ్ళ వాళ్ళ పేర్లు పెట్టి దీన్ని చదివించాను. అంతకుముందు లోకం గురించి ఏమీ చెప్పలేదు. వాళ్ళ నాన్న ఎక్కడున్నాడని అప్పట్లో అడిగిన అతను కూడా ఉన్నాడు. చివరి వాక్యం దగ్గర ఆగి, కాగితం కింద పెట్టి, "అంటే మా నాన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడా, పైకి తోడేశారా?" అన్నాడు. పడవలవాళ్ళలో ఎవరికైనా తెలిసి ఉండొచ్చన్నాను. డైస్ చేతిలోకి తీసుకుని, కిందకు దిగే మెట్లు ఎటు ఉన్నాయని అడిగాడు.