పనస చెక్క యావ ఉన్నవాళ్లకి

మా ఇంట్లో ఈ రోజుకి 31 పనస ముక్కలున్నాయి. అటక మీద తొమ్మిది, పెద్ద మంచం కింద ఆరు, పెరటి వసారాలో రీపర్ల (సన్నటి చెక్క పట్టీల) మీద పేర్చినవి పద్నాలుగు, బీరువా వెనక నిలబెట్టిన పాత దూలం ముక్కలు రెండు. ప్రతి ముక్క మీదా సుద్దతో ఒక నంబరుంటుంది. ఆ నంబరు నా నోట్‌బుక్కులో ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

నేను విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. చిన్నప్పుడే వీణ నేర్చుకున్నాను. పన్నెండేళ్లుగా వడ్రంగి బాబాయి ఒకాయన దగ్గర పని నేర్చుకుంటూ, ఏడాదికో తంబూరా, ఓపికుంటే మధ్యలో ఒక వీణ చేస్తున్నాను. మా బాబాయి బొబ్బిలి పక్కన గొల్లపల్లి పనితనం చూస్తూ పెరిగిన మనిషి. అక్కడ సర్వసిద్ధి వారి ఇళ్లల్లో ఒకే పనస మాను తొలిచి కుండా (నాదం పలికే బోలు భాగం) దండీ (తంతులు సాగే పొడవాటి భాగం) అతుకు లేకుండా ఏకాండి వీణ తీస్తారు. మొదటిసారి అది చూసి ఇంటికొచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెక్క యావ మొదలైంది ఆ రోజే.

ఈ యావ ఉన్నవాళ్లకి వేరే వివరించక్కర్లేదు. బస్సులో వెళ్తుంటే కూలగొడుతున్న పెంకుటిల్లు కనిపిస్తే దిగిపోతాం. సామిల్లు పక్కనుంచి వెళ్తే ఆ పసుపురంగు పొట్టు వాసనకి కాళ్లు ఆగుతాయి. ఆ ఆగడం తప్పని నేననను. కానీ తెచ్చిన చెక్క వాద్యం కాకుండా పుప్పి పట్టిపోతే మాత్రం తప్పే. దీన్ని నేను బాగా నష్టపోయాక నేర్చుకున్నాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు లెక్క

ఒక తంబూరాకి కుండకొకటి, దండికొకటి, పై పలకకొకటి, మూడు ముక్కలు కావాలి. అంటే నా 31 ముక్కలు పదేళ్ల పని. నాకిప్పుడు 54. చెక్కని సీఎఫ్టీల్లో, అంటే ఘనపుటడుగుల్లో, లెక్కేసుకున్నంత కాలం ఎంత కొన్నా తక్కువే అనిపించేది. ఏళ్లలో లెక్కేయడం మొదలుపెట్టాకే చెయ్యి ఆగింది. మీరూ అలా వేసి చూడండి. ఏడాదికి ఎన్ని పూర్తి చేస్తున్నారు, ఇంట్లో ఉన్నది ఎన్నేళ్లకి సరిపోతుంది?

నా నియమం ఒకటుంది. డబ్బులిచ్చే ముందే నోట్‌బుక్కులో మూడు మాటలు రాయాలి: ఏ వాద్యం, అందులో ఏ భాగం, ఏ ఏడాది ఉలి పెడతాను. ఆ మూడూ రాయలేకపోతే దుంగ అక్కడే ఉంటుంది. “ఎందుకైనా పనికొస్తుందిలే” అన్న మాట మనసులోకి వచ్చిందంటే వెంటనే ఆటో ఎక్కేయాలి.

దుంగని చూడటం

టింబర్ డిపోలో దుంగ కొలిచే లెక్క తెలుసుకోండి. చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగుల్లో పెట్టి గుణించి, 144తో భాగిస్తారు. 60 అంగుళాల చుట్టుకొలత, 5 అడుగుల పొడవున్న దుంగ ఈ లెక్కన 7.8 సీఎఫ్టీ. అసలు ఘనపరిమాణంలో ఇది దాదాపు 78 శాతమే. మిగతాది బెరడుకీ కోతకీ పోయేదని వదిలేస్తారు. ఈ లెక్క తెలిసినవాళ్లతో బేరం మర్యాదగా సాగుతుంది.

ఇక చూడాల్సింది దుంగ కొన. పనసలో చేవ, అంటే లోపలి గట్టి చెక్క, పసుపుగా, బంగారు రంగులో ఉంటుంది. చుట్టూ ఉన్న తెల్లచెక్కకి బలం లేదు, పురుగు ముందు దాన్నే పడుతుంది. చేవ ఎంత వెడల్పుందో అంతే దుంగ అనుకుని కొనండి. నడిమధ్య చుక్క ఒక పక్కకి జరిగి ఉంటే ఆ చెట్టు వాలి పెరిగిందని అర్థం. అలాంటిది ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, దండికి పనికిరాదు. కొన మీద నక్షత్రంలా బీటలుంటే అవి లోపలికి ఎంత దూరం పోయాయో బయటినుంచి తెలియదు. “కోస్తే గాని తెల్దమ్మా” అంటాడు మా సామిల్లు ఆయన. నిజమే. అందుకే బీటలున్న దుంగకి పూర్తి ధర ఇవ్వకండి.

బెరడు మీద నార ఎటు తిరిగిందో కూడా చూడండి. తాడు పేనినట్టు తిరిగి ఉంటే వద్దు. పనసలో నార ఒక పొర ఇటు, ఒక పొర అటు పోవడం మామూలే, చిత్రిక పట్టేటప్పుడు ఒక వైపు నున్నగా వచ్చి రెండో వైపు లేస్తుంది. దానికి భయపడక్కర్లేదు, ఉలి పదునుగా ఉంటే చాలు.

ఉద్దానం దుంగలు

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మూడో వారంలో మా స్కూలు వాళ్లం బియ్యం, దుప్పట్లు పట్టుకెళ్లాం. ఒక తోటలో పడి ఉన్న పనస మాను చూసి ఆగిపోయాను. ఆ పరిస్థితిలో చెక్క అడగడానికి నోరు రాలేదు. ఆ రైతే నా చూపు పట్టాడు. ఏం చేస్తారని అడిగాడు. తంబూరా, వీణ అని చెప్పాను. కాసేపు మాను మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“మా తాత ఏసిన సెట్టమ్మా. అట్టుకెళ్లండి. పొయ్యిలో మాత్రం ఎట్టీకండి.”

ధర నేనే చెప్పి, ఆయన వద్దంటున్నా ఇచ్చి, తొమ్మిది దుంగలు వ్యానులో తెచ్చాను. మా పెరట్లో దింపించి, స్కూలు పరీక్షల పనిలో పడిపోయాను. పన్నెండు రోజులు ఎండలో ఉన్నాయి. ఒక సాయంత్రం పెరట్లో టపాకాయ పేలినట్టు చప్పుడైంది. వెళ్లి చూస్తే ఒక దుంగ కొననుంచి మధ్యదాకా విచ్చుకుంది, నా అరచెయ్యి నిలువుగా దూరేంత. ఆ వారంలో మరో మూడు పోయాయి. తప్పు ఎండది కాదు, నాది. క్లాసులో పిల్లలకి బాష్పీభవనం చెప్పే నేను దుంగ కొనలకి మైనం పూయలేదు.

మొదటి రోజే చేయాల్సింది

చెక్కలో నీరు నార వెంట, అంటే కొనల నుంచి, పక్కల నుంచి పోయేదానికి పది రెట్లు పైగా వేగంగా పోతుంది. కొనలు ముందే ఆరి కుంచించుకుంటాయి, లోపలి భాగం ఇంకా తడిగా ఉబ్బి ఉంటుంది. ఆ లాగుడుకి బీట పడుతుంది. కాబట్టి దుంగ ఇంటికి వచ్చిన రోజే, అన్నం తినకముందే, రెండు కొనలకీ కరిగించిన మైనమో, రెండు పూతలు పాత ఆయిల్ పెయింటో పట్టించండి. అంచు దాటి రెండంగుళాలు పక్కలకి కూడా రావాలి. పూర్వం పేడ, మట్టి కలిపి మెత్తేవారు. చేతిలో ఏమీ లేకపోతే అదైనా చేయండి.

రెండోది, నడిమధ్య చుక్క ఏ ముక్కలోనూ మిగలకూడదు. దుంగ గుండ్రంగా ఉన్నంతకాలం పగులుతుంది. ఎందుకంటే చెక్క వలయాల వెంట కుంచించుకునేది, కేంద్రం వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మధ్యలోంచి నిలువుగా చీలిస్తే ఆ లాగుడికి దారి దొరుకుతుంది. కుండ ఎలాగూ సగం దుంగలోంచే వస్తుంది. చీల్చిన సగాన్ని పచ్చిగా ఉన్నప్పుడే బాడిసతో లోపల తొలిచేస్తాను, గోడ ఒకటిన్నర అంగుళం మందం ఉంచి. మందం తగ్గితే నీరు సమానంగా పోతుంది. తొలిచేటప్పుడు పాలు కారి చేతులకి జిగురు పడుతుంది. కొబ్బరినూనె రాసుకుని మొదలుపెట్టండి, సబ్బుతో పోదు అది.

తెల్లచెక్క ఉన్నచోట బోరాక్స్, బోరిక్ పౌడరు నీళ్లల్లో కలిపి పూయాలి. పచ్చిగా ఉన్నప్పుడే లోపలికి పోతుంది. తర్వాత ముక్క కింద సన్నటి పొట్టు కుప్ప కనిపించిందంటే పుప్పి పట్టిందన్న మాటే. దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి.

ఆరబెట్టడం

నీడ, గాలి, ఓపిక. మొదటి నెల గోనెసంచి చుట్టి ఉంచుతాను, ఆ తర్వాత రీపరు ముక్కల మీద పేరుస్తాను. రీపర్లు ఒకదాని మీద ఒకటి నిలువు వరుసలో ఉండాలి, లేకపోతే పలకలు వంగుతాయి. పలకలకి అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. మా కోస్తా తేమలో నేను దానికి ఇంకొంచెం కలుపుతాను.

అయితే ఏళ్లు లెక్కపెట్టడం కన్నా బరువు చూడటం నమ్మకం. కూరగాయల వాళ్లు వాడే వేలాడే కాటా ఒకటి కొనుక్కోండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రతి ముక్కనీ తూచి నోట్‌బుక్కులో రాస్తాను. మూడు నెలలు వరుసగా బరువు మారకపోతే ఆ ముక్క మా ఊరి గాలితో సమానమైనట్టు. నీటి శాతం కచ్చితంగా కావాలంటే ఒక చిన్న ముక్క కోసి తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువుని ఆరిన బరువుతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. పచ్చిగా 130 గ్రాములుండి 100 దగ్గర ఆగితే 30 శాతం. సుమారుగా అక్కడినుంచి కిందికి దిగేటప్పుడే చెక్క కుంచించుకోవడం మొదలవుతుంది.

మా దగ్గర ఎంత ఆరినా 12 నుంచి 15 శాతం మధ్య ఆగుతుంది. అమెరికాలో చలికాలం హీటరు నడిచే ఇంట్లో అదే చెక్క ఆరు శాతానికి దిగిపోతుంది. ఇక్కడినుంచి పిల్లలకి పంపిన వీణలు అక్కడ అతుకుల దగ్గర విచ్చుకునేది అందుకే. అక్కడికి వెళ్లే వాద్యమైతే చెక్కని పని మొదలుపెట్టే ముందు రెండు నెలలు ఏసీ గదిలో ఉంచుతాను. తీసుకెళ్లేవాళ్లకి గదిలో తేమ పెంచే యంత్రం పెట్టుకోమని మరీమరీ చెప్తాను.

పాత ఇళ్ల చెక్క

కూల్చిన పెంకుటిళ్ల దూలాలు, ద్వారబంధాలు దండికి చాలా మంచివి. పాత చెక్కకి నాదం ఎక్కువని అందరూ అంటారు. నా అనుభవంలో పక్కాగా చెప్పగలిగింది మాత్రం ఒకటే, అది ఇక మెలి తిరగదు. తంతులు బిగిస్తే దండి వంగకుండా నిలబడాలి, అంతకన్నా ఏం కావాలి? రంపం పెట్టేముందు అయస్కాంతం పట్టుకుని అంగుళం అంగుళం తడమండి. మేకు విరిగి లోపల ఉండిపోతే రంపం పళ్లు పోతాయి, కన్నుకీ ప్రమాదం.

మోగించి చూడటం

పచ్చి చెక్కని తట్టి నాదం వినకండి, ఏదైనా “డబ్” అంటుంది. ఆరిన పలకనే వినాలి. పట్టుకోవడంలోనే అంతా ఉంది. పలక పొడవులో 22 శాతం దగ్గర, అంటే 90 సెంటీమీటర్ల ముక్కకి కొన నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర, రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని వేలాడదీయండి. కంపించేటప్పుడు కదలని చోటు అది. మధ్యలో వేలి కణుపుతో తట్టండి. మంచి పలక పలికి, కాసేపు నిలుస్తుంది. వేలు ఒక అంగుళం జరిపి పట్టుకుంటే అదే పలక మూగబోతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఇది చూపిస్తే ఒక గుంటడు క్లాసు అయ్యాక వెనక్కొచ్చి బెంచీ పలకలన్నీ తట్టుకుంటూ పోయాడు.

తేకూడని చెక్క

ఎర్రచందనం జోలికి పోకండి. జపాన్ వాళ్ల తంతి వాద్యం షామిసెన్ దండికి దాన్ని వాడతారని విని ఎవరో ఒకరు రహస్యంగా ఒక ముక్క ఇస్తామంటారు. మన శేషాచలం కొండల చెట్టు అది, నరికేస్తున్నారు. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలో, నియంత్రణలో ఉంది. జిట్రేగి (రోజ్‌వుడ్) తంతులు బిగించే బిరడలకీ, అవి ఆనే గుర్రానికీ బాగుంటుంది, కానీ 2017 నుంచి ఆ జాతి మొత్తం ఆ జాబితాలోకి వచ్చింది. 2019లో పూర్తయిన వాద్యాలకి సడలింపు ఇచ్చారు, విడి చెక్కకి కాదు. బిల్లు లేని ముక్క నేను తీసుకోను. పనసైనా సరే, నిలబడి ఉన్న చెట్టు కొట్టించాలంటే ముందు అటవీ రేంజి ఆఫీసులో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి గురించి అడగండి. ఇంతవరకూ నేను వాద్యం కోసం బతికున్న చెట్టు ఒక్కటీ కొట్టించలేదు. పడినవి, ఎండినవి, ఇళ్లల్లోంచి వచ్చినవి చాలు.

మిగిలిన అయిదు

ఉద్దానం తొమ్మిదిలో నాలుగు పగిలాయి కదా. వాటినీ పొయ్యిలో పెట్టలేదు. బీటలు తప్పించి బిరడలకీ గుర్రాలకీ కోసుకున్నాను. మిగిలిన అయిదింటిలో రెండు గొల్లపల్లిలో పనిచేసే ఒక కుర్రాడికిచ్చాను, నాకన్నా ముందు ఆయన చేతుల్లో అవి వీణలవుతాయని. ఒకటి 2023లో తంబూరా అయింది. పలక మూసేముందు కుండ లోపల పెన్సిలుతో “ఉద్దానం, 2018” అని రాశాను. శృతి చేసిన రోజు ఆ రైతుకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, నాలుగు తంతులూ మీటాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, ఆ చెట్టు కాయలు ఎంత తియ్యగా ఉండేవో, ఒక్కో ఏడాది ఎన్ని కాసేదో చెప్పుకుంటూ పోయాడు.

మిగతా రెండూ 17, 18 నంబర్లు. 17 మూడు నెలలుగా 11 కిలోల 400 గ్రాముల దగ్గరే ఉంది. బాబాయి బుధవారం బాడిస పట్టుకుని వస్తానన్నాడు.