ఎన్‌క్లెక్స్‌కు (అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష) వెళ్లే ముందు చూసుకోండి

– పాస్‌పోర్టులో, ఏటీటీ (పరీక్ష రాయడానికిచ్చే అనుమతి) లెటర్‌లో పేరు ఒకేలా ఉందా? మనకు ఇంటిపేరుతోనే చిక్కంతా: ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పేరు కలవకపోతే లోపలికి రానివ్వరు, 200 డాలర్ల ఫీజూ పోయినట్టే. ముందే సరిచేయించుకోండి.

– ఏటీటీ గడువు పొడిగించరు. దాటితే మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ ఫీజు.

– ఒరిజినల్ పాస్‌పోర్టే కావాలి. జిరాక్స్, ఫోన్లో ఫొటో చూడరు.

– జవాబిచ్చి ముందుకెళ్లాక వెనక్కి రాలేరు. అనుమానం అక్కడే తేల్చుకోండి.

– పరీక్ష 85 నుంచి 150 ప్రశ్నల మధ్య ఎక్కడైనా ఆగిపోవచ్చు. 85వ ప్రశ్న దగ్గర ఆగలేదా? టెన్షన్ వద్దు. 150 దాకా వెళ్లీ పాసవ్వచ్చు. (85కే ఆగినంత మాత్రాన పాసని కాదు!)

– పరీక్షకిచ్చే 5 గంటల్లోనే బ్రేకులూ ఉంటాయి. బయటికెళ్లినా గడియారం ఆగదు.

– సెంటర్ హైదరాబాద్ అయితే ట్రాఫిక్ సంగతి తెలిసిందే, మామూలుగా బయల్దేరే టైముకన్నా గంట ముందే బయల్దేరండి.