అత్తమ్మతో గొడవ లేకుండా పసిబిడ్డ శుభ్రత

పెద్దవాళ్లకు "వద్దు" అంటే మనసు కష్టపడుతుంది, పని అప్పగిస్తే మాట వింటారు. అందుకే మా ఇంట్లో మాలిష్ పూర్తిగా నానమ్మదే. చెంచాడు కొబ్బరినూనె అరచేతుల్లో రుద్ది ఒళ్లంతా పట్టించాలి. ముక్కులో, చెవుల్లో మాత్రం చుక్క కూడా వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా రావచ్చు.

అస్సలు రాజీ పడకూడనిది బొడ్డు దగ్గర. పసుపు, నూనె, పౌడర్ ఏదీ వద్దు. తడి తగిలితే మెత్తటి గుడ్డతో అద్ది, డైపర్ అంచు బొడ్డు కిందికి మడవాలి. గాలి ఆడితే బొడ్డుతాడు ఎండిపోయి, సాధారణంగా వారం, రెండు వారాల్లో దానంతటదే రాలుతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, వాసన వచ్చినా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించాలి.

హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ, సబ్బు సరిగా వదలదు. ఆఖరి చెంబు గోరువెచ్చటి నల్లా నీళ్లు పోయండి. శనగపిండి నలుగు లేత చర్మాన్ని గీరుతుంది, మానేయడమే మంచిది.

కాటుకలో సీసం ఉండొచ్చు, కంటికి వద్దు. "అత్తమ్మా, దిష్టిచుక్క మీరే పెట్టండి, అరికాలికి" అంటే ఆమె కాదనరు. సాంబ్రాణి పూజగదిలో వేసుకోవచ్చు, పొగ పోయేదాకా బిడ్డ వేరే గదిలో ఉండాలి.