పాత స్పోర్ట్స్ కారు గేర్ బాక్సు ఇంట్లో దించే ముందు: ఏ బోల్టు దేన్ని మోస్తోందో చూసుకోండి

పాత స్పోర్ట్స్ కారు గేర్ బాక్సు ఇంట్లోనే దించుకోవచ్చు, ఓపిక ఉంటే చాలు, కానీ ప్రమాదం బాక్సు బరువుతోనే అనుకుంటే పొరపాటే. ఒక్కో బోల్టు ఊడదీసే కొద్దీ కారులో ఏది దేన్ని మోస్తోందో మారిపోతూ ఉంటుంది, మనమేమో ఇందాక ఎలా నిలబడిందో ఇప్పుడూ అలాగే నిలబడి ఉందనుకుని కింద పడుకుని ఉంటాం. కాబట్టి స్పానర్ పెట్టిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఇది తీసేస్తే ఏం కిందకి దిగుద్ది, ఏం దొర్లుద్ది, ఏం వెనక్కి వాలుద్ది అని చూసుకోండి.

అన్నిటికన్నా ముందు మీ కారులో బాక్సు ఎటు నుంచి బయటికొస్తుందో తెలుసుకోండి, ఎందుకంటే అన్ని కార్లకీ కింద నుంచి రాదు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లో సీట్లు తీసి, మధ్యలో ఉండే టన్నెల్ కవర్ తీసి, బాక్సుని కారు లోపల నుంచే ఎత్తి తీస్తారు. ఎంజీబీలో ఇంజన్ కదల్చకుండా బాక్సు బయటికి రాదు, జాగ్వార్ ఈ-టైప్‌లో ఇంజన్, బాక్సు రెండూ కలిపే తీస్తారు, అంటే మీకు కావాల్సింది జాకీ కాదు, ఇంజన్ ఎత్తే క్రేన్. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5లో ఇంకో సంగతుంది, దాంట్లో బాక్సు వెనక భాగానికి విడిగా మౌంటింగే (బాడీకి పట్టి ఉంచే ఆధారమే) ఉండదు, బాక్సు నుంచి డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) దాకా పోయే పొడవాటి ఫ్రేమే రెండింటినీ పట్టుకుని ఉంటుంది, ఆ ఫ్రేమ్ బోల్టులు తీస్తే అటు బాక్సు తోక, ఇటు డిఫరెన్షియల్ ముక్కు రెండూ ఒకేసారి కిందకి వాలతాయి. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఆ చాప్టర్ మొత్తం చదివాకే మొదటి నట్టు తిప్పండి.

కారు లేపడం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు, జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందకి చెయ్యి కూడా పెట్టొద్దు. కింద నుంచి దించే కారైతే నాలుగు వైపులా స్టాండ్లు (కారు బరువు మోసే ఇనుప కాళ్లు) పెట్టండి, నేల సిమెంటుదై సమంగా ఉండాలి, మట్టి మీదా కంకర మీదా అస్సలు వద్దు. ఇటుకలు, సిమెంటు బ్లాకులు కూడా వద్దు, అవి పగిలే ముందు ఏమీ చెప్పవు, ఒక్కసారే పగులుతాయి. పాత కార్లలో స్టాండ్ పెట్టే చోట పెయింట్ బాగానే కనపడి లోపల తుప్పు తినేసి ఉంటుంది, సుత్తి పిడితో కొట్టి చూడండి, గట్టి శబ్దం రాకపోతే ఆ చోటు వదిలేయండి. స్టాండ్ల మీద పెట్టాక కారుని చేతులతో గట్టిగా ఊపండి, కదిలితే మీరు కింద లేనప్పుడే కదలాలి. తీసిన చక్రాలు ఉంటే వాటిని సిల్ (తలుపు కింద ఉండే బాడీ అంచు) కింద పడుకోబెట్టండి, స్టాండ్ జారినా మనిషికి కొంత చోటు మిగులుద్ది. ఎత్తు కూడా ముందే కొలుచుకోండి, బెల్ హౌసింగ్ (బాక్సు ముందు క్లచ్‌ని కప్పే గంట ఆకారం భాగం) వెడల్పు, దాని కింద జాకీ ఎత్తు కలిపి కారు అంచు కింద నుంచి దూరాలి, లేకపోతే బాక్సు దించేశాక బయటికి లాగలేక మళ్లీ కారు లేపాల్సొస్తుంది, అలసిపోయి ఉన్నప్పుడు చేసే పని అది, అందుకే ప్రమాదం.

చాలా మంది పట్టించుకోనిది ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే బాక్సు నుంచి వెనక చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే పొడవాటి గొట్టం. కారుని గేర్‌లో పెట్టాం కదా కదలదులే అనుకుంటారు, షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి ఆ గేరుకీ చక్రాలకీ సంబంధమే లేదు. పైగా షాఫ్ట్ చివర పళ్లెంలాంటి ఫ్లాంజ్‌కి ఉన్న బోల్టులన్నీ అందాలంటే షాఫ్ట్ తిప్పుతూ ఉండాలి, దానికి వెనక చక్రం గాల్లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వదలాలి, అంటే మీరు కింద ఉన్నప్పుడే కారుని ఆపేవన్నీ ఒక్కొక్కటిగా పోతాయి. స్పిట్‌ఫైర్ లాంటి వాటిలో పని కారు లోపల నుంచే కాబట్టి చక్రాలు నేల మీదే ఉంచుతారు, అప్పుడు చక్రాలకి రెండు వైపులా చెక్క అడ్డులు తప్పనిసరి.

ఓవర్‌డ్రైవ్ (ఎక్కువ వేగంలో ఇంజన్ తిరుగుడు తగ్గించే అదనపు గేర్ యూనిట్) ఉన్న బాక్సయితే ఒక పని బ్యాటరీ తీయక ముందే చెయ్యాలి. లేకాక్ కంపెనీ ఓవర్‌డ్రైవ్‌లో ఆయిల్ ఎక్కువ ప్రెషర్‌లో ఉంటుంది, తర్వాత దాని వాల్వ్ విప్పితే కళ్లలోకి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, టాప్ గేర్‌లో పెట్టి స్విచ్‌ని పది పన్నెండు సార్లు ఆన్ ఆఫ్ చేస్తే ఆ ప్రెషర్ దిగుద్ది. ఆ తర్వాత బ్యాటరీ ఎర్త్ తీసేయండి, ఎందుకంటే చాలా కార్లలో సెల్ఫ్ మోటర్‌కి వచ్చే లావు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ తగిలిందంటే మంటలే, పెట్రోల్ పైపులు పక్కనే ఉంటాయి కూడా.

స్పానర్లు సరైనవి తెచ్చుకోండి. ఆ కాలం బ్రిటిష్ కార్లకి అంగుళాల సైజులు, అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 పెడితే పట్టినట్టే ఉంటుంది గానీ బిగుసుకున్న నట్టు మీద మూలలు తినేస్తుంది, జారితే మీ వేళ్లు పోయి టన్నెల్‌కి గుద్దుకుంటాయి. బెల్ హౌసింగ్ బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు, అట్ట ముక్క మీద బొమ్మ గీసి ఎక్కడిది అక్కడే గుచ్చండి.

బాక్సు విడదీసే ముందు ఇంజన్‌కి ఆధారం పెట్టండి. వెనక మౌంటింగ్ తీసేశాక ఇంజన్ రెండు ముందు మౌంటింగుల మీదే ఉంటుంది, వెనక్కి వాలి, ఫ్యాన్ రేడియేటర్‌కి తగలొచ్చు, డిస్ట్రిబ్యూటర్ ఫైర్‌వాల్‌కి నొక్కుకోవచ్చు. ఆయిల్ చాంబర్ కింద వెడల్పు చెక్క పెట్టి రెండో జాకీతో ఆనించండి, చెక్క లేకుండా పెడితే చాంబర్ రేకు సొట్ట పోతుంది.

విడదీసేటప్పుడు బాక్సు వంగకుండా తిన్నగా వెనక్కి రావాలి. బాక్సు ముందు నుంచి పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేట్‌లో ఉండగానే బరువు వదిలేస్తే ప్లేట్ మధ్య భాగం వంగిపోతుంది, మళ్లీ పెట్టాక క్లచ్ సరిగ్గా విడవదు, మీరు అదేంటో వెతుకుతూ ఉంటారు. బాక్సుని జాకీకి బెల్టుతో కట్టండి, ఛాతీ మీదకి దించుకోవడం అనే పద్ధతి దయచేసి వద్దు. లోపల నుంచి ఎత్తే వాళ్లు ఇద్దరు ఉండాలి, నడుం వంచి చేతులు చాచి ఎత్తే భంగిమే అది, సిల్‌ల మీద అడ్డంగా గట్టి పలక వేసుకుని మధ్యలో ఆపుకుంటూ తీయండి.

బాక్సు వచ్చాక క్లచ్ దుమ్ము చూసి గాలి కొట్టాలనిపిస్తుంది, కొట్టొద్దు. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులు పాడుచేసే పీచు ఖనిజం) ఉండొచ్చు, బ్రిటన్‌లోనే అది పూర్తిగా నిషేధించింది 1999లో. మంచి మాస్క్ వేసుకుని, నీళ్లు చల్లి తడిపి తుడవండి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారేయండి. స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ ప్రెషర్‌తో క్లచ్‌ని నెట్టేది) విప్పి ఉంటే ఎవ్వరూ క్లచ్ పెడల్ తొక్కకుండా దానికో కాగితం అంటించండి, తొక్కితే పిస్టన్ బయటికొచ్చేస్తుంది.

తిరిగి పెట్టేటప్పుడు క్లచ్ ప్లేట్‌ని అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకి తెచ్చి బిగించండి. చివర్లో సందు మిగిలితే బోల్టులతో లాగి దగ్గరికి తేవాలని చూడొద్దు, కేసింగ్‌కి బోల్టులు పట్టే చెవులు విరుగుతాయి, సందు ఉందంటే లోపల ఏదో అడ్డుపడుతోందని అర్థం, వెనక్కి తీసి చూడండి. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు బాక్సులో ఆయిల్ పోశారో లేదో చూడండి, కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంటే ఇంజన్ నడుస్తుండగా గేర్ వేసి చూడకండి, ఆ ఊపుకి స్టాండ్ల మీద నుంచి దిగిపోగలదు.