మాగొమే నుంచి త్సుమాగోకు: నకసెండో బాటపై ఒక రోజు నడక

నేటి టోక్యో అయిన ఎదోను కొండల మీదుగా క్యోటోతో కలిపిన నకసెండో రహదారి సుమారు 530 కిలోమీటర్ల పొడవుండేది. దాని మీద 69 మజిలీ ఊళ్ళు ఉండేవి. చేతిలో ఒక్క రోజే ఉన్నవారు కిసో లోయలో 43వ మజిలీ మాగొమే నుంచి 42వ మజిలీ త్సుమాగో దాకా, ఇంచుమించు 8 కిలోమీటర్లు నడవడం మంచిది.

నగోయా నుంచి రైలులో నకత్సుగావాకు చేరి, అక్కడ మాగొమే బస్సు ఎక్కాలి. త్సుమాగో కంటే మాగొమే ఎత్తున ఉంది కాబట్టి, అక్కడ మొదలుపెడితే కనుమ దాకా కొంత ఎక్కి, మిగిలిన దారంతా దిగుతూ పోవచ్చు. ఆగుతూ నడిస్తే మూడు గంటలు పడుతుంది. దారి పక్కన అక్కడక్కడ గంటలు వేలాడదీసి ఉంటాయి. అవి ఎలుగుబంట్లను దూరంగా ఉంచడానికి పెట్టినవి కాబట్టి, కనబడిన ప్రతి గంటనూ గట్టిగా మోగించి ముందుకు సాగాలి. త్సుమాగో నుంచి నగిసో రైల్వే స్టేషనుకు వెళ్ళే బస్సులు తక్కువ కనుక వాటి వేళలను ఉదయమే రాసుకోవాలి.

ఊళ్ళోకి వచ్చాక తొందరపడకూడదు. మజిలీ అంటే బస చేసే చోటు మాత్రమే కాదు. ప్రభుత్వ పనిమీద వెళ్ళేవారికి గుర్రాలనూ కూలీలనూ సమకూర్చి, సరుకును తర్వాతి మజిలీకి చేర్చి, అక్కడి గుర్రాలకూ మనుషులకూ అప్పగించే బాధ్యత ఆ ఊరిదే. నకసెండోలో సాధారణంగా మజిలీకి 50 గుర్రాలూ 50 మంది మనుషులూ ఉండాలన్న నియమం, కిసోలో 25కు తగ్గింది. ఈ పనిని నడిపిన కచేరీని తొన్యా అనేవారు. ప్రభువులు దిగిన భవనం హోంజిన్, దాని తర్వాతి స్థాయిది వకి-హోంజిన్, మామూలు బాటసారులకు భోజనమూ పడకా దొరికిన ఇల్లు హతాగో. వీటిని ఒక్కొక్కటిగా గుర్తుపడుతూ నడిస్తే వీధి అమరిక తానే అర్థమవుతుంది. దారి రెండుసార్లు లంబంగా మలుపు తిరిగే చోటును మసుగత అంటారు. శత్రువు నేరుగా ఊళ్ళోకి దూసుకురాకుండా చేసిన ఏర్పాటది.

త్సుమాగో వకి-హోంజిన్‌లోకి తప్పక వెళ్ళాలి. 1877లో దీన్ని హినోకి (జపాన్ సైప్రస్ చెట్టు) కలపతో తిరిగి కట్టారు. కిసో అడవుల్లో హినోకి చెట్టు ఒకటి నరికితే, శిక్షగా మనిషి తల ఒకటి పోతుందని ఎదో కాలంలో (1603–1868) చెప్పుకునేవారు. ఆ సంగతి తెలిసి ఆ దూలాల కింద నిలబడితే వాటి విలువ బోధపడుతుంది.

రైలుమార్గం వచ్చాక త్సుమాగో పాడుబడింది. నేడు మనం చూడగలుగుతున్నామంటే ఊరివాళ్ళే కారణం: ఇళ్ళను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని 1971లో వారు కట్టుబాటు చేసుకున్నారు. అందుకే గుమ్మాలు దాటేముందు అనుమతి అడగాలి. అవి ఇప్పటికీ కాపురాలున్న ఇళ్ళు. వీలైతే ముందుగా గది మాట్లాడుకుని రాత్రి అక్కడే ఉండాలి. పగటి సందర్శకులు వెళ్ళిపోయాక, దీపాలు వెలిగిన ఆ వీధిని చివరి దాకా మరోసారి నడవవచ్చు.