డేటా పంచుకునే గ్రూపులో అందరూ ఇచ్చేలా చేయడం ఎలా?

పది మంది కలిసి తెలుగు ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చదివి టెక్స్ట్‌గా మార్చడం) కోసం సరిదిద్దిన పేజీలు పంచుకుందాం అనుకుంటారు. నెల తిరిగేసరికి ఇచ్చేది ఇద్దరే, మిగతావాళ్లంతా డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లే. వాళ్లను తిట్టుకుని లాభం లేదు, ఇచ్చినా ఇవ్వకపోయినా ఫైళ్లు దొరుకుతుంటే కష్టపడి ఎవరిస్తారు? 2000లో నుటెల్లా అనే ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్‌ను పరిశీలించినవాళ్లకు, దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా పంచడం లేదని తేలింది. మార్చాల్సింది నియమాలనే.

ముందు డేటాను వాయిదాలుగా కోయండి. మొత్తం ఒకేసారి చేతులు మారితే, తీసుకున్నవాడు మళ్లీ కనబడడు. 2001లో ప్రోగ్రామర్ బ్రామ్ కోహెన్ తెచ్చిన, ఫైళ్లు పంచుకునే బిట్‌టోరెంట్ పద్ధతి బలం ఇక్కడే ఉంది: ఫైలును ముక్కలు చేసి, తనకు వేగంగా ఇస్తున్న కొద్దిమందికే ఎక్కువగా ఇస్తుంది, ఎవరెంత ఇస్తున్నారో 10 సెకన్లకోసారి మళ్లీ లెక్క చూస్తుంది. అచ్చంగా ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. అయితే 30 సెకన్లకోసారి, ఏమీ ఇవ్వకపోయినా సరే, ఇంకొకరికి అవకాశం ఇస్తుంది. ఇది లేకపోతే చేతిలో ఏమీ లేని కొత్తవాళ్లు ఎప్పటికీ లోపలికి రాలేరు.

మీ గ్రూపులో వారానికి 50 పేజీలు పెట్టుకోండి. పోయిన వారం ఇచ్చినవాళ్లకే ఈ వారం ఫైళ్లు. కొత్తవాళ్లకు మొదటి విడత ఉచితం, కానీ చిన్నదిగా ఉంచండి, లేదా పాత సభ్యులెవరైనా వాళ్లకు పూచీ ఉండాలి. లేకపోతే పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చి ఉచితంగానే పట్టుకెళ్తారు.

పేజీలు మాత్రమే లెక్కపెడితే చెత్త వచ్చి పడుతుంది, ఇది తప్పకుండా జరుగుతుంది. ప్రతి విడతలో ఎక్కడో ఒకచోట నుంచి ఐదు పేజీలు తీసి స్కాన్‌తో పోల్చండి. ఒత్తులు, అరసున్నలు సరిగా ఉన్నాయా చూసి, తప్పులుంటే ఆ విడత మొత్తం తిప్పి పంపండి. ఎవరెంత ఇచ్చారో అందరికీ కనిపించే షీట్‌లో రాయండి.

క్షమించడం కూడా నియమంలోనే ఉండాలి. సహకరించాలా, మోసం చేయాలా అని రెండేసి ప్రోగ్రాములు పదేపదే తేల్చుకునేలా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ పెట్టిన కంప్యూటర్ పోటీల్లో రెండుసార్లూ గెలిచింది అనతోల్ రాపోపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రామ్: మొదట సహకరించు, తర్వాత ఎదుటివాడు కిందటిసారి చేసిందే చెయ్యి. కానీ నిజజీవితంలో నెట్ పోతుంది, పరీక్షలొస్తాయి. ఒక వారం తప్పితే అడిగి ఊరుకోండి, వరుసగా రెండో వారమూ తప్పితే ఆపండి, వాళ్లు మళ్లీ ఇచ్చిన రోజే తెరవండి.

ముగింపు తేదీ మాత్రం ముందే ప్రకటించకండి, ఆఖరి వారం ఇవ్వకపోయినా పోయేదేం లేదని అందరికీ తెలుసు. తేదీ చెప్పక తప్పకపోతే, అన్నీ కలిపిన చివరి ప్రతిని ఆఖరి విడత ఇచ్చినవాళ్లకే పంపండి.